గొంగడి చాటు పిడికిలి

జిల్లా పేజీ అడుగున, ఎరువుల దుకాణం ప్రకటన పక్కన ఇరుక్కుని ఉంది ఆ వార్త. "సాయుధ పోరాట యోధుని సోదరుడు, కుస్తీ శిక్షకుడు కన్నుమూత" అని శీర్షిక. కింద మూడు నాలుగు లైన్లు. ఫొటో లేదు. పేరులో ఒక అక్షరం తప్పు పడింది.

ఇలాంటి శీర్షికలు రాసీ, దిద్దీ, కత్తిరించీ పొట్ట పోసుకున్నవాణ్ని కాబట్టి రాసిన కుర్రవాడి మీద నాకు కోపం రాలేదు. నల్లగొండ నుంచి ఎవరో ఫోన్లో చెప్పి ఉంటారు. పేజీ మూసే వేళ అయి ఉంటుంది. కాని ఆ శీర్షికలో ఉన్నవి రెండే ముక్కలు. రెండో ముక్క తప్పు. మొదటి ముక్క నిజం కాదు.

ఆయన జన్మలో కుస్తీ పట్టలేదు. ఎవరైనా పొరపాటున పహిల్వాన్ అంటే, "మట్టిల పొర్లుడు బర్రెల పని. మాది నిలవడి కొట్టుడు" అనేవాడు. ఆయనది బాక్సింగ్. ఇక మొదటి ముక్క సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

పేరు రాయను. పత్రికవాళ్లు తప్పుగా వేసిన పేరును నేను సరిచేసినందువల్ల ఆయనకు ఇప్పుడు ఒరిగేది లేదు. ఊళ్లో ఎలాగూ ఆయనను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. పుర్రచెయ్యి అనేవారు. ఎడమచేతి వాటం మనిషి.

నల్లగొండలో ఒక బడి మైదానం ఉండేది. చాలా ఏళ్లు ఆయన పొద్దున్నే అక్కడ పిల్లలకు బాక్సింగ్ నేర్పాడు. ఆ దారిన పోయినవాళ్లకు ఒక వింత గుర్తుండే ఉంటుంది. మే నెల ఎండలో కూడా ఆయన భుజం మీద నల్ల గొంగడి ఉండేది. ఆయన పిల్లలు కూడా నెత్తి మీద గొంగళ్లు కప్పుకుని, గడ్డం కింద కుడి పిడికిలితో రెండు అంచులనూ బిగించి పట్టుకుని, చెమటలు కారుతుండగా మైదానం చుట్టూ గెంతేవారు. "చెయ్యి ఇడిస్తె గొంగడి జారుతది. గొంగడి జారితె నువ్వు పోయినట్టే" అని ఆయన అరిచేవాడు. చూసేవాళ్లు నవ్వేవారు. తల్లులు తిట్టేవారు.

"పొల్లగాండ్లను చంపుతవా ఏంది, గీ ఎండల!"

"సావరమ్మా. ఊలు. ఎండనూ ఆపుతది, వాననూ ఆపుతది. సలామును గూడ ఆపుతది."

ఆ చివరి మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒకసారి పోటీలు చూడటానికి కలెక్టరు వచ్చాడు. బిళ్ల బంట్రోతు వచ్చి, గొంగడి తీసి పక్కన పెట్టమని చెవిలో చెప్పాడు. ఈయన కదల్లేదు. "చలి పెడ్తాంది" అన్నాడు. బహుమతులు అందుకుంటున్న పిల్లలతో సహా మైదానంలో అందరి చొక్కాలూ చెమటకు తడిసి ఉన్నాయి. కలెక్టరు మంచివాడు, నవ్వి ఊరుకున్నాడు. పెద్ద హోదా మనిషి ఎదుటికి వస్తే గొంగడిని భుజం మీది నుంచి నెత్తి మీదికి లాక్కుని, గడ్డం కింద పిడికిలి బిగించేవాడు. తలపొగరు అన్నారు కొందరు. పిచ్చి అన్నారు ఇంకొందరు. నాకు మాత్రం కారణం తెలుసు.

నేను ఆయన్ను మొదట చూసింది సికింద్రాబాద్ కంటోన్మెంటులో. హైదరాబాదులో ఒక దినపత్రికలో అప్పుడే చేరాను. కొత్తవాడికి ఏ పనులు పడేస్తారో అవే నాకు పడ్డాయి. బియ్యం ధరలు, గుర్రప్పందాలు, శనివారం సాయంత్రం పల్టన్ల మైదానంలో జరిగే బాక్సింగ్ ఫలితాలు. ఆయనకు నాకంటే రెండు మూడేళ్లు పెద్ద వయసు. నల్లగొండ జిల్లా తిరుమలగిరి దగ్గర గొర్లకాపరుల కుటుంబం. పల్టన్ల వంటశాలలకు మంద తోలుకొచ్చి, గొర్రెల దొడ్డిలో పనికి ఉండిపోయాడు. దొడ్డిలో తగాదాకు వచ్చిన కసాయివాణ్ని ఎడమచేత్తో ఒక్కటి గుద్ది కూర్చోబెట్టినప్పుడు, అటుగా పోతున్న ఉస్తాద్ చూశాడట. ఉస్తాద్ పింఛను తీసుకుంటున్న పాత సిపాయి. రేకుల కొట్టంలో కుర్రాళ్లకు బాక్సింగ్ నేర్పే తాలీం నడిపేవాడు. మర్నాడే పిలిపించుకున్నాడు.

మామూలు బాక్సరు ఎడమ కాలూ ఎడమ చెయ్యీ ముందు పెట్టి నిలబడతాడు, బలమైన కుడిచెయ్యి వెనక ఉంటుంది. పుర్రచేతివాడు తలకిందులు. కుడి ముందు, ఎడమ వెనక. ఎదుటివాడి కళ్లెప్పుడూ ఆ వెనక ఉన్న ఎడమచేతి మీదే ఉంటాయి, దెబ్బ అక్కణ్నుంచే వస్తుందని. ఉస్తాద్ సిద్ధాంతమల్లా దాని మీదే కట్టుకున్నది.

"చూడనీ బేటా. అందరూ నీ ఎడమ చెయ్యినే చూడాలె. దాన్ని వాళ్లకు ఇచ్చెయ్. నువ్వు గెలిచేది కుడి చెయ్యితో. ముందు చెయ్యి హుక్కు. వాడు చూడని చెయ్యి."

ముందు చేతి హుక్కు అంటే దూరం నుంచి ఊపి కొట్టేది కాదు. గడ్డం దగ్గర ఉన్న పిడికిలి ఉన్నచోటి నుంచే, మోచెయ్యి వంచి, అడ్డంగా తిరగాలి. తిప్పేది చెయ్యి కాదు, మడమ. మడమ తిరిగితే నడుము తిరుగుతుంది, నడుముతో పాటు చెయ్యి పోతుంది. ఇది పట్టుబడక తాలీంలో కుర్రాళ్లు నెలల తరబడి గాలిని కోస్తూ ఉండేవారు. ఈయనకు మాత్రం వెంటనే వచ్చేసింది. మేకల కోసం తుమ్మకొమ్మను కొక్కెం కర్రతో లాగే మనిషి కదా. "కొమ్మను చెయ్యితోని గుంజితె భుజం పోతది పటేలా. నడుము తిప్పితె కొమ్మనే మన దిక్కు వస్తది" అన్నాడు నాతో. అప్పటి నుంచీ నేను ఆయనకు పేపర్ పటేల్‌నే. మా వైపు సాటివాణ్ని పటేలా అని పిలవడం మామూలే. అందులో మర్యాదా ఉంటుంది, చనువూ ఉంటుంది.

అంతా వచ్చింది, ఒక్కటి తప్ప. హుక్కు కొట్టబోయే ముందు ఆయన కుడి పిడికిలి, ఉన్నచోటి నుంచి తిరగకుండా, నుదుటి వైపు కొంచెం లేచేది. మరీ కొంచెం. వేలెడు. కాని బాక్సింగులో వేలెడంటే తెర తీసి చూపించినట్టే.

"అరే, ఏం చేస్తున్నవ్?" అని ఉస్తాద్ అరిచాడు ఒకరోజు నా ఎదుటే.

"హుక్కు కొడ్తున్న ఉస్తాద్."

"హుక్కు నక్కో బోల్. సలాం చేస్తున్నవ్! ముందు సలాం చేసి తర్వాత కొడితే, వాడు వాలేకుం సలాం అని చెప్పి పక్కకు జరిగి పోతడు."

తాలీం అంతా నవ్వింది. ఈయన కూడా నవ్వాడు. తర్వాత నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ అన్నాడు: "చిన్నప్పుడు మా అవ్వ నా ఎడమ చెయ్యికి గుడ్డ కట్టి బువ్వ పెట్టేది. కుడిచెయ్యితోనే తినాలె అని. గీ కుడిచెయ్యికి మావోళ్లు రెండే పనులు నేర్పిండ్రు. ఒకటి తినుడు. ఇంకోటి సలాం కొట్టుడు."

మందు ఉస్తాదే కనిపెట్టాడు. కుడి మణికట్టు నుంచి మొలతాడుకు పురికొసలాంటి సుతిలి ఒకటి కట్టాడు. చెయ్యి గడ్డం దాటి లేస్తే సుతిలి గుంజుతుంది. సుతిలి ఉన్నంతసేపూ ఆ హుక్కు చూడముచ్చటగా ఉండేది. ఇసుక మూట కొయ్య నుంచి ఊడిపోతుందేమో అనిపించేది. కాని బరిలోకి సుతిలితో పోనివ్వరు కదా.

నేను కొన్నాళ్లు శ్రద్ధగా చూశాను. చెయ్యి ప్రతిసారీ లేచేది కాదు. దొడ్డి పనివాడో, రైల్వే కూలీయో ఎదురైతే లేచేది కాదు. తళతళలాడే బూట్ల సార్జెంటు ఎదురైతే తప్పకుండా లేచేది. ఈ మాట అంటే ఉస్తాద్ తల ఊపాడు. "నాకు ఎరుకే. వాని చెయ్యి మనిషిని చూసి లేస్తది" అన్నాడు. ఒక శనివారం ఒక గోరా సార్జెంటు మీద మొదటి రౌండంతా ఈయనదే పైచెయ్యి. రెండో రౌండులో సార్జెంటు తన ఎడమచెయ్యి దించాడు. ఎడమ దవడ పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టు కనబడింది. కుడి పిడికిలి నుదుటి దాకా పోయింది. సార్జెంటు తల వంచి, కింది నుంచి లేచి కొట్టాడు.

తడిగుడ్డ మూతికి అద్దుకుంటూ బయటికి వచ్చి నన్ను అడిగాడు: "ఏం రాస్తవ్ పటేలా?"

"ఓడినవని రాస్త."

"ఎట్ల ఓడిన్నో రాయకు."

ఆ తర్వాత ఇంగ్లీషు పల్టన్లు ఓడలెక్కి పోయాయి. శనివారం పోటీలు ఆగాయి. గొర్రెల దొడ్డి ఖాళీ అయింది. రజాకార్ల రోజులు వచ్చి దారులు మూసుకుపోయాయి. ఆయన ఊరికి వెళ్లిపోయాడని ఉస్తాద్ చెబితే విన్నాను.

మళ్లీ చూసింది పోలీసు చర్య అయిన తర్వాత. యూనియన్ మిలిటరీ ఊళ్లలో క్యాంపులు పెట్టి సంగపోళ్ల కోసం, అంటే దొరల మీద తిరగబడ్డ సంగం మనుషుల కోసం వెతుకుతున్న రోజులు. మా మేనత్త ఇల్లు తిరుమలగిరిలో ఉండేది. అక్కడ ఉండి చుట్టుపక్కల వార్తలు పంపమని మా ఎడిటరు పంపాడు. నేను వెళ్లేసరికే ఊరంతా ఒక దెబ్బ గురించి చెప్పుకుంటోంది.

జరిగింది ఇది. గొల్ల కుర్మలు ఏటా మందకొక పొట్టేలును ఊరికే దొర గడికి ఇచ్చుకోవాలి. సంగం వచ్చాక అది ఆగింది, దొర పట్నం పారిపోయాడు. మిలిటరీ వచ్చాక దొరకంటే ముందు గడిలో వసూళ్లు చూసే మనిషి తిరిగి వచ్చాడు. ముసురు పట్టిన రోజు. మంద దగ్గర ఈయన, కుడి పక్కనే తమ్ముడు బీరయ్య, ఎదురుగా వాళ్ల బాపు. ముగ్గురి నెత్తి మీదా గొంగళ్లు. వానలో కాపరి గొంగడిని ఎలా కప్పుకుంటాడో చూసినవాళ్లకు తెలుసు. నెత్తి మీది నుంచి వేసుకుని, రెండంచులనూ గడ్డం కింద పిడికిట్లో పట్టుకుంటాడు. లోపల మనిషి ఎవరో, ఏ చెయ్యి ఎక్కడుందో తెలియదు.

"ఏంరా, సంగం పాయె, మిలిటరీ వచ్చె. పొట్టేలును పట్టుండ్రి" అన్నాడు గడి మనిషి. ముసలాయన వంగి ఏదో బతిమాలబోయాడు. "దొర మనిషి వస్తె నెత్తి మీది గొంగడి తియ్య రాదా?" అంటూ అతను ముసలాయన గొంగడి పట్టి గుంజి బురదలోకి తోశాడు. తోసి, పెద్దకొడుకు వైపు తిరిగాడు. పట్నంలో గుద్దులాట నేర్చుకున్న పుర్రచెయ్యి సంగతి ఊరందరికీ తెలిసిందే.

"ఏంరా పుర్రోడా, లేపు. నీ ఎడమ చెయ్యి లేపు, చూస్త."

ఎడమ చెయ్యి లేవలేదు. అది గొంగడి బయట, తొడ పక్కన, కొక్కెం కర్ర పట్టుకుని అలాగే ఉంది. గడి మనిషి కళ్లు దాని మీదే ఉన్నాయి. తర్వాత అతనికి తెలిసింది బురదలో తాను వెల్లకిలా పడి ఉండటం. ఎడమ దవడ విరిగింది. దవడకు కట్టు కట్టించుకుని క్యాంపుకు పోయి, పళ్ల సందు నుంచి చెప్పాడు: "పుర్రోని చెయ్యి కదలలే. నేను దాన్నే చూస్తున్న. దెబ్బ ఇటు దిక్కు నుంచి పడ్డది. చిన్నోడు గా దిక్కే ఉండె. చిన్నోడే కొట్టిండు."

మనిషి అబద్ధం చెప్పలేదు. తాను చూసింది చూసినట్టు చెప్పాడు. ఉస్తాద్ కోరుకున్నది కూడా సరిగ్గా అదే కదా.

బీరయ్య పొట్టేలు తల ఊపితే పక్కకు తప్పుకునే మనిషి. అతన్ని పట్టుకుపోయారు. గడి మనిషిని కొట్టినవాడంటే సంగపోడే, సంగపోడంటే జైలే. ఆ రోజుల్లో జైలుకు పోయినవాడు ఏ జైలుకు పోయాడో, ఎప్పుడు వస్తాడో చెప్పేవాడు లేడు.

క్యాంపు బడి ఇంట్లో. మర్నాడు నేను అధికారిని కలవాలని వరండా పక్కన నిలబడి ఉన్నాను. తండ్రీ కొడుకూ వచ్చారు. ముసలాయన చెప్పులు దూరంగా విడిచాడు. తన గొంగడి తీశాడు. కొడుకు భుజం మీదిది కూడా లాగి, రెంటినీ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"సార్ ముంగట గొంగడేంది బిడ్డా, బేఇజ్జతి. మంచిగ వంగి సలాం కొట్టు. తమ్ముని ఇడుస్తడు."

ఈయన వరండా మెట్టు దగ్గర నిలబడి చెప్పాడు: "కొట్టింది నేను. మా తమ్ముడు గాదు."

పక్కనే ఉన్న పోలీసు అమీను దాన్ని హిందీలో అధికారికి చెప్పి, తనే నవ్వాడు. "సాబ్, వీడు పుర్రచెయ్యోడు. తగిలింది కుడిచెయ్యి దెబ్బ. తమ్ముని కోసం అబద్ధమాడుతున్నడు."

నేను ముందుకు వచ్చి, ఈయన సికింద్రాబాద్‌లో బాక్సరనీ, కంటోన్మెంటు పోటీలలో నేను చూశాననీ, కుడిచేత్తో కొట్టడం తెలుసుననీ చెప్పాను. అధికారి ముఖంలో ఆసక్తి కనబడింది. తాను కూడా కాలేజీలో ఆడాడట. కుర్చీలోంచి లేచి, బెల్టు సర్దుకుని, ఎడమ చెంప పక్కన అరచెయ్యి నిలబెట్టాడు.

"చూపించు" అన్నాడు. "ఆ దెబ్బ ఇక్కడ కొట్టు. నీ తమ్ముణ్ని ఇప్పుడే పంపిస్తాను."

అంతకంటే న్యాయంగా ఎవరూ అడగలేరు. పట్టుకొచ్చిన మనుషులను వేపచెట్టు కింద వరసగా కూర్చోబెట్టారు. వాళ్లలో బీరయ్య మెడ చాచి చూస్తున్నాడు. ఈయన కుడి పాదం ముందుకు వేశాడు, అధికారి పాదానికి బయట పక్కగా, నేర్చుకున్నట్టే. మడమ లేపాడు. ఎదురుగా ఇస్త్రీ యూనిఫారం, ఇత్తడి బొత్తాలు, నున్నటి బూట్లు. వెనక నుంచి బాపు గొంతు: "సలాం బిడ్డా, సలాం."

పిడికిలి నుదుటికి లేచింది. అక్కణ్నుంచి దిగి, దారి తప్పిన పిట్టలా వచ్చి అధికారి అరచేతిలో వాలింది.

అమీను నవ్వాడు. అధికారి నవ్వలేదు. "మళ్లీ" అన్నాడు. మళ్లీ లేచింది. ఈయన తన చెయ్యిని తనే చూసుకున్నాడు. నడుము దగ్గర ఏదో వెతుక్కున్నాడు. నాకు అర్థమైంది.

"జర సుతిలి కావాలె సార్. గింత సుతిలి ఇస్తె చూపిస్త."

అమీను ఆ మాటను హిందీలో చెబితే ఈసారి వరండాలో ఉన్న సిపాయిలు కూడా నవ్వారు. "అతన్ని కొట్టినప్పుడు సుతిలి కట్టుకునే కొట్టావా?" అని అడిగాడు అధికారి. అడిగి, మెత్తటి గొంతుతో చెప్పాడు: "ఈ దెబ్బకు మట్టి పిడత కూడా పగలదు. తమ్ముడి కోసం వచ్చావు. మంచి అన్నవే. ఇంటికి పో."

"నేనే సార్. నీ పాదాలమీద ఒట్టు, నేనే."

వేపచెట్టు కింది నుంచి బీరయ్య అరిచాడు: "పో అన్నా. బాపును తీస్కపో. గింతమంది నేనే కొట్టిన్నంటున్నరు. నేను గింత మొగోణ్నని నాకే ఎర్క లేకపాయె."

ముగ్గురం ఇంటిదారి పట్టాం. ఊరి పొలిమేర దగ్గర మళ్లీ ముసురు మొదలైంది. ముసలాయన చంకలోంచి గొంగడి తీసి కొడుకు నెత్తిన కప్పాడు. ఈయన అలవాటుగా రెండు అంచులనూ దగ్గరికి లాగి గడ్డం కింద పట్టుకున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"పటేలా."

"ఏంది?"

"సూడు. నా చెయ్యి యాడున్నదో సూడు."

చూశాను. కుడి పిడికిలి గడ్డం పక్కన, అంచులను బిగించి ఉంది. ఉస్తాద్ ఎక్కడ ఉండాలని నెత్తీ నోరూ కొట్టుకున్నాడో సరిగ్గా అక్కడ. లేవడానికి వీల్లేదు, లేస్తే గొంగడి జారుతుంది. మంద దగ్గర ఆ పిడికిలి అక్కణ్నుంచే తిరిగింది. ఆ దెబ్బకు సుతిలి గొంగడే. ఆ గొంగడిని క్యాంపు మెట్టు దగ్గర బాపు తీసేశాడు, మర్యాద కోసం.

ఈయన వెనుదిరిగి పరిగెత్తాడు. నేనూ వెంట పోయాను. బాటలో ఎదురుగా మిలిటరీ లారీ వచ్చింది, నల్లగొండ వైపు పోయేది. వెనక మనుషులు కుక్కినట్టు నిలబడి ఉన్నారు. ఈయన గొంగడి బిగించి పట్టుకుని దాని వెంటపడి, "ఆపుండ్రి, సార్‌కు సూపిస్త, ఇప్పుడు సూపిస్త" అని అరిచాడు. బీరయ్య ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చెయ్యి నుదుటికి పెట్టి అన్నకు తమాషాగా ఒక సలాం కొట్టాడు. లారీ మలుపు తిరిగింది.

క్యాంపు దాకా పోయాం. అధికారి అదే లారీలో ముందు కూర్చుని పోయాడని చెప్పారు. అమీను మళ్లీ వినలేదు.

బీరయ్య తిరిగి వచ్చాడు, కొన్నేళ్లకు. వెళ్లినప్పుడు లేని దగ్గొకటి వెంట తెచ్చుకున్నాడు. ఆలోగా ఆ దెబ్బ ఊళ్లూ వాడలూ తిరిగి చాలా పెద్దదైంది. దొర మనిషి దవడ పగలగొట్టిన బీరయ్యకు తిరుమలగిరిలో దండలు వేశారు. సభల్లో వేదిక మీదికి పిలిచి, ఎట్ల కొట్టినవో చూపియ్యమనేవారు. అతను చెయ్యి వెనక్కి ఎత్తి, కంకుల మీద కర్రతో బాదినట్టు ఊపేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. వెనక వరసలో కూర్చున్న అన్న పళ్లు నూరుకుంటూ, "మడమ తిప్పవోయ్, మడమ" అని గొణగడం నేను పక్కన కూర్చుని విన్నాను.

ఒకటి రెండు సభల్లో బీరయ్య నిజం చెప్పాడు. "కొట్టింది నేను గాదు, మా అన్న" అన్నాడు. ఎంత వినయమో చూడండి అని అధ్యక్షుడు మైకులో చెప్పాడు. చప్పట్లు ఇంకా గట్టిగా వినబడ్డాయి. ఇక ఇంటి వెనక దొడ్లో అన్నే తమ్ముడికి హుక్కు నేర్పడం మొదలుపెట్టాడు. చూపించేటప్పుడైనా సరిగ్గా చూపించాలని. ఇద్దరూ కొట్లాడుకునేవారు.

"నడుము, నడుము తిప్పు!"

"దగ్గొస్తుంది అన్నా, నడుమెట్ల తిప్పాలె?"

బీరయ్య ఎక్కువ కాలం బతకలేదు. చివరి రోజుల్లో అన్నతో ఒక మాట అన్నాడట. అది చెప్పేటప్పుడు ఆయన నా ముఖం చూసేవాడు కాదు. "గుద్దు నీది. పేరు నాది. దగ్గు నాది. మరి నీకేం మిగిలె అన్నా?"

ఆ తర్వాతే ఆయన నల్లగొండకు వచ్చి, పిల్లలను చేరదీసి, గొంగళ్లు కప్పాడు. పుర్రచేతి పిల్లవాడెవడైనా దొరికితే సంబరపడిపోయేవాడు. ఆయన శిష్యుల కుడిచెయ్యి హుక్కు జిల్లా జిల్లాల్లో పేరుపడింది. ఏ కుర్రాడి పిడికిలీ కొట్టబోయే ముందు నుదుటికి లేచేది కాదు. పోటీ మొదలయ్యే ముందు పెద్దలకు దండం పెట్టమని నిర్వాహకులు అంటే, "దండం ఎడమ చెయ్యితోని పెట్టుండ్రి" అని పిల్లలకు చెప్పి నలుగురితోనూ తిట్లు తిన్నాడు.

పోయిన ఏడాది చివరిసారి కలిశాను. కొడుకు ఇంట్లో, ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. గొంగడి గోడకు మేకుకు వేలాడుతోంది. అది లేకుండా ఆయన్ను చూడటం నాకు కొత్తగా ఉంది. ఉస్తాద్ గురించి, గొర్రెల దొడ్డి వాసన గురించి, గోరా సార్జెంటు గురించి మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి మంచం పట్టె పట్టుకుని లేచాడు.

"చెయ్యి పెట్టు పటేలా."

ఎడమ చెంప పక్కన అరచెయ్యి నిలబెట్టాను. క్యాంపులో అధికారి పెట్టినట్టే పెట్టాను, తెలిసే పెట్టాను. ఆయన కుడి పాదం జరిపాడు. మడమ తిరిగింది. గొంగడి లేదు, సుతిలి లేదు, పిడికిలి ఉన్నచోటి నుంచి వేలెడు కూడా లేవకుండా అడ్డంగా వచ్చింది. ఆ ముసలి వయసులో కూడా ఆయన దెబ్బకు నా అరచెయ్యి మండిపోయింది.

"లేవలే అన్నా!" అన్నాను. "ఒట్టి చెయ్యి. లేవనే లేదు."

ఆయన రొప్పుతూ మంచం మీద కూర్చున్నాడు. కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఇంట్లో మాట వినని పిల్లవాణ్ని చూసినట్టు దాన్ని కాసేపు చూశాడు.

"నీ ముంగట ఎందుకు లేస్తది పటేలా" అన్నాడు. "నువ్వేమన్న సారువా?"

తర్వాత, గోడ మీది గొంగడి తనకు అందివ్వమని నాకు సైగ చేశాడు.